1258 రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

1258వ సంవత్సరం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగ్దాద్ పతనం, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లండు రాజు చేతులు కట్టేసిన సామంతులు, కొరియాను గుప్పిట పెట్టుకున్న సైనిక నియంత చో ఉయి హత్య, పాలస్తీనా తీరంలో ఏకర్ రేవు దగ్గర ఇటలీ నగరాలు వెనిస్, జెనోవాల నౌకల పోరు, చివర్లో మన గణపతిదేవుడు. ఇవన్నీ పోగు చెయ్యడానికి ఎంత కష్టపడ్డావో తెలుస్తోంది. చిక్కల్లా ప్రతి పేరా మొదట్లో నువ్వు పెట్టిన "అదే సమయంలో" దగ్గరుంది. అది తీసేసి చదివితే ఏ పేరాకా పేరా విడిపోతోంది. వాటిని కలిపి ఉంచుతున్నది క్యాలెండరొక్కటే.

ఆ క్యాలెండరు కూడా వాళ్లది కాదమ్మా. బాగ్దాద్‌లో ముస్లింల లెక్కన అది హిజ్రీ 656. ఫిబ్రవరి 10న నగరం లొంగిపోయేనాటికి మన పంచాంగం ప్రకారం ఇంకా పింగళ నామ సంవత్సరమే నడుస్తోంది. కాళయుక్తి వచ్చింది ఆ తర్వాతి ఉగాదికి.

నిజమైన ముడి ఎక్కడుందో చూడు. జనవరి 29న మంగోలు సేనాని హులాగు బాగ్దాద్‌ను ముట్టడించాడు. సరిగ్గా ఆ రోజే, ఇప్పటి హనోయ్ దగ్గర డోంగ్ బో డౌలో, వియత్నాం ట్రాన్ రాజుల సేన మరో మంగోలు సైన్యాన్ని వెనక్కి తరిమింది. రెండు సైన్యాలూ ఒకే మంగోలు చక్రవర్తి మోంకే ఖాన్‌వి. తమ్ముడు హులాగును పడమటికి పంపిందీ ఆయనే, సోంగ్ వంశం ఏలే చైనాను దక్షిణం నుంచి కొట్టడానికి వియత్నాం దారి పట్టించిందీ ఆయనే. ఒకచోట గెలుపు, ఒకచోట వెనుకంజ. ఆ వేళకి ఒకరి సంగతి ఒకరికి తెలియదు, ఖాన్‌కీ తెలియదు. "అదే సమయంలో" అన్న మాట ఇక్కడ వాడు, చెల్లుతుంది.

బాగ్దాద్ గురించి రాసినచోట మాత్రం కాస్త ఆగు. టైగ్రిస్ నది పుస్తకాల సిరాతో నల్లబడిందని కళ్లారా చూసినట్టు రాశావు. అది తర్వాతి కాలం వాళ్లు చెప్పుకున్న కథ. బాగ్దాద్ ఏలిన ఖలీఫా ముస్తసిమ్ చావు మీద కూడా ఒక్క కథ లేదు. తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారని కొందరంటారు. తన బంగారం మధ్యనే ఆకలితో మాడి చచ్చాడని మార్కో పోలో చెప్పాడు. ఆ ఏడు పోలోకి నాలుగేళ్లుంటాయి. రెండూ రాయి, ఎవరు చెప్పారో కూడా రాయి. చనిపోయినవాళ్ల లెక్క దగ్గరా అంతే. 1262లో ఫ్రాన్సు రాజుకి రాసిన ఉత్తరంలో హులాగే రెండు లక్షల పైమాట అన్నాడు. చంపినవాడు గొప్పగా చెప్పుకున్న అంకె అది. పాఠకుడికి అది తెలియాలి. ఇరాన్‌లోని షిరాజ్‌లో కవి సాదీ తన గులిస్తాన్ గ్రంథం ముగించిందీ 1258లోనే. ఖలీఫా మీద శోకగీతం రాసిందీ ఆయనే. నీ వ్యాసంలో ఆయన లేడు. తప్పకుండా తీసుకురా.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, నువ్వు రెండు వాక్యాల్లో దాటేసినది. 1257లో ఇండోనేషియాలోని లోంబోక్ దీవిలో సమాలాస్ అగ్నిపర్వతం బద్దలైంది. దాని గంధకం గ్రీన్‌లాండ్ మంచులోనూ దక్షిణ ధ్రువం మంచులోనూ దొరికింది. అది ఏ కొండదో తేలడానికి మాత్రం 2013 దాకా పట్టింది. తాటాకుల మీద పాత జావా భాషలో రాసిన బబద్ లోంబోక్ అనే పాత గ్రంథం అందుకు సాయపడింది. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ మఠంలో మాథ్యూ పారిస్ అనే సన్యాసి 1258 గురించి రాశాడు: వసంతంలో కూడా చలి, పంటలు రాలేదు, లండన్‌లో ఆకలి చావులు. జపాన్‌లోనూ అవే రోజుల్లో కరువు. ఒకరి పేరు ఒకరు వినని మనుషులు వీళ్లంతా. ఒక్క సంవత్సరం తీసుకుని రాయడంలో అందమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

అలాగని తొందరపడి ముడి వెయ్యకు. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో బయటపడ్డ సామూహిక సమాధులని ముందు ప్లేగువనుకున్నారు, తర్వాత ఈ అగ్నిపర్వతానికి ముడిపెట్టారు. కానీ ఇంగ్లండులో పంటలు అంతకుముందే దెబ్బతినడం మొదలైందని చూపించిన చరిత్రకారులున్నారు. ఆ సన్యాసే 1257లో వానలు ముంచెత్తాయని రాశాడు. కొండ ఒక్కదాని మీదే నేరమంతా మోపితే చదివేవాళ్లకి బాగుంటుంది, కానీ చనిపోయినవాళ్ల విషయంలో అబద్ధమాడినట్టవుతుంది.

గణపతిదేవుణ్ణి ఉంచాలా అని అడిగావు. మనవాడని మాత్రం ఉంచకు. 1244 నాటి మోటుపల్లి శాసనంలో ఆయన విదేశీ వర్తకులకు అభయమిచ్చి, సుంకం ముప్పైకి ఒక వంతు చాలన్నాడు. సముద్రం మీద వచ్చే కబురూ సరుకూ దిగే చోటు మోటుపల్లి, అందుకని ఆ రేవు నీ వ్యాసంలో న్యాయంగానే ఇముడుతుంది. కానీ 1244 శాసనం 1258కి సాక్ష్యం కాదు. ఆ చలి ఓరుగల్లును కూడా వణికించిందని ఊహించి రాసిన పేరా కొట్టెయ్యి.

కొరియా, ఏకర్ ఈ వ్యాసానికి వద్దు, వేరే దాచుకో. ఆక్స్‌ఫర్డ్‌ని ఆకలి పక్కన పెట్టి చూడు, కానీ ఆకలి వల్లే సామంతులు తిరగబడ్డారని అనకు. సిసిలీ కిరీటం కోసం రాజు పోపుకి ఒప్పుకున్న అప్పు, రాజు సవతి తమ్ముళ్ల పెత్తనం కూడా వాళ్ల కోపంలో ఉన్నాయి. లోంబోక్‌తో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. అందులో బాగ్దాద్ ఎక్కడ రావాలో అప్పుడు మాట్లాడుకుందాం.