కణాలు వెయ్యని వెల్స్ కూడా ఊదా రంగు తిరిగినయి

తమ్మీ, తంగేడు పువ్వు ఎక్స్‌ట్రాక్ట్ డోసు పెంచినకొద్దీ ఎంటీటీ (కణాల చురుకుదనం చూసే రంగు) రీడింగ్ పెరుగుతోంది, 'కణాలు పెరుగుతున్నట్టే గదా అక్కా' అని అడిగినవ్. ఆగు. థీసిస్‌ల ఆ మాట రాయకముందు, కణాలు లేని వెల్స్‌ల (ప్లేట్‌ల ఉండే చిన్న గుంతలు) ఉత్త మీడియం (కణాలను పెంచే ద్రవం), ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ పోసి చూడు.

హన్మకొండల పీహెచ్‌డీ చేసేటప్పుడు నాకూ ఇదే అయింది. నాదీ తంగేడు పువ్వే, బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు తెంపుకొచ్చిన. హీలా కణాల (ల్యాబుల పెంచే క్యాన్సర్ కణాలు) మీద మూడుసార్లు చేస్తే మూడుసార్లూ గ్రాఫ్ నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. సంబురపడి సెమినార్‌ల కూడా చూపించిన. నాలుగోసారి ఒక వరుసల కణాలు వెయ్యుడే మరిచిపోయిన. నాలుగు గంటలైనంక ప్లేట్ తీస్తే ఆ వరుస కూడా నేరేడుపండు రసం పోసినట్టే ఉంది!

ఎంటీటీది పసుపు రంగు. బతికున్న కణంల ఎంజైములు దాన్ని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తయి, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంల కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదువుతం. పువ్వుల ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాలకు కూడా ఆ పని చేతనైతది, కణం అక్కర లేదు. అందుకే ఎంటీటీ పోసేముందు ఎక్స్‌ట్రాక్ట్ మీడియం తీసి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతోని మెల్లగ కడుగు. గట్టిగ పోస్తే కణాలే లేచిపోతయి.

అయినా ఎంటీటీ చెప్పేది కణాల చురుకుదనం, సంఖ్య కాదు. కణాలు అన్నే ఉండి, ఒక్కోటి ఎక్కువ పనిచేసినా రీడింగ్ లేస్తది. సంఖ్య కావాల్నంటే ట్రిప్సిన్ ఎంజైముతోని కణాలను ప్లేట్ నుంచి లేపి, సమానంగ ట్రిపాన్ బ్లూ రంగు కలిపి, హీమోసైటోమీటర్‌ల (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక) పోసి మైక్రోస్కోప్ ముందు కూసో. నీలం ఎక్కినయి చచ్చినయి, వాటిని విడిగ రాస్కో. నాలుగు మూల గళ్లల బతికినయి 180 వస్తే సగటు 45. రంగుతోని రెండింతలు పలచనైంది కాబట్టి 90. దాన్ని 10 వేలతోని గుణిస్తే మిల్లీలీటరుకు 9 లక్షలు. పై గీత, ఎడమ గీత మీదున్నయి లెక్కల వేసుకో, కింద, కుడి గీతలవి విడిచిపెట్టు. 0, 24, 48, 72 గంటలకు ఇట్లనే. కండ్లు గుంజుతయి, తప్పదు.

విభజన జరిగిందనే రుజువు అడిగితే ఈడీయూ పరీక్ష చెయ్యి. ఈడీయూ అనేది డీఎన్‌ఏ ముడిసరుకైన థైమిడిన్ బదులు కొత్తగ తయారైతున్న డీఎన్‌ఏల దూరుతది. ఖర్సు ఎక్కువ, చివరి ప్రయోగానికే ఉంచుకో.

ఇంకోటి, అంచు వెల్స్ రీడింగ్ నమ్మకు. ఇంకుబేటర్ ట్రేల నీళ్లు అయిపోయినా మన ల్యాబుల్ల ఎవ్వరూ చూడరు, ముందు ఆరిపోయేటివి అవే. 96 వెల్స్‌ల చుట్టున్న 36 ఇడిచి, నడుమ 60 వాడు.

ఖాళీ వెల్స్ రీడింగ్ వచ్చినంక ఇక్కడే పెట్టు, అప్పుడు గ్రాఫ్ సంగతి చూద్దాం.