పాఠకుల ప్రశ్నలు: బుల్లి రైలు పక్కన పబ్బు, రేకుల చర్చి

ప్రశ్న: అడుగుకి 4 మిల్లీమీటర్ల స్కేల్లో 1930ల నాటి ఇంగ్లండు పల్లెటూరి స్టేషన్ లేఅవుట్, అంటే బుల్లి రైలు నమూనా, కడుతున్నానండి. పక్కన ఒక పాత పబ్బు, ఒక రేకుల చర్చి పెట్టాను. చర్చి ఎంత రంగేసినా అట్టపెట్టెలాగే ఉంది, పబ్బేమో తెచ్చి అతికించినట్టుంది. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశానండి. చర్చి పైకప్పు మొత్తం ఒకటే షీటు, అతుకన్నదే లేదు, అక్కడే తేడా కొడుతోంది. నేనూ మొదట్లో అలాగే చేసి నెల రోజుల పని పీకేశాను. మీ ఊళ్ళో ఏ రైసుమిల్లు గోడౌను దగ్గరైనా కాసేపు నుంచుని చూడండి, రేకు మీద రేకు ఎక్కినచోట అంచు కింద సన్నటి నీడ పడుతుంది, ఆ నీడ ఉంటేనే కంటికి రేకుల షెడ్డులా ఆనుతుంది.

ఇంగ్లండులోని పాత ముడతల రేకుల్లో అలకీ అలకీ మధ్య మామూలుగా 3 అంగుళాలు, అంటే మీ స్కేల్లో సరిగ్గా 1 మిల్లీమీటరు. మనం రోజూ వాడే 6 మిల్లీమీటర్ల బోల్టు థ్రెడ్డులో గాడికీ గాడికీ దూరం కూడా 1 మిల్లీమీటరేనండి! హార్డ్‌వేర్ షాపులో ఆ సైజు థ్రెడ్ రాడ్డు తెచ్చుకుని, పాత సైకిల్ ట్యూబు ముక్క మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ పరిచి, రాడ్డుతో గట్టిగా నొక్కుతూ ఒక్కసారే దొర్లించండి, వెనక్కి తిప్పారంటే గీత మీద గీత పడి పాడైపోతుంది. గీతలు కాస్త ఏటవాలుగా వస్తాయి కాబట్టి గీతల వెంబడే కత్తిరించాలి. 8 అడుగుల రేకుకి 32 మిల్లీమీటర్ల పొడవు, 9 అలల వెడల్పు, అందులో ఒక అల పక్క రేకు కిందకి పోవాలి. కింది వరసతో మొదలెట్టి పై వరసని 2 మిల్లీమీటర్లు ఎక్కించండి.

కప్పు మీద మేకులు అల నెత్తిన కొడతారు, గాడిలో కొడితే నీళ్ళు దిగుతాయి కదా, అందుకే తుప్పు చుక్కలు కూడా నెత్తిన, అతుకు అంచుల్లో పెట్టండి, మొత్తం పూసెయ్యకండి. ముడతల రేకుకి ఇంగ్లండు ఇంజినీరు హెన్రీ పామర్ తీసుకున్న పేటెంటు 1829లోది, జింకు పూత 1837లో వచ్చాకే అది వానకి నిలబడింది, ఆ తర్వాత చర్చిలు, స్కూళ్ళు విడిభాగాలుగా రైలెక్కి ఊళ్ళకి చేరేవి. అలా వచ్చి ఇటుక దిమ్మెల మీద కూర్చున్న భవనం కాబట్టి నేలకి ఆనించకండి, కింద కొంచెం చీకటి ఉండాలి.

పబ్బు సంగతి వేరు. అది రైలుకి ముందునుంచీ ఉన్నది, దాని ముఖం పాత రోడ్డు వైపుంటుంది, మీరేమో పట్టాలకి సమాంతరంగా పెట్టారు. మా ఊరి పాత సత్రం ముఖం ఇప్పటికీ కాలవ వైపే ఉంది, పడవలు దిగేవాళ్ళ కోసం కట్టింది మరి, వెనక రోడ్డు తర్వాతెప్పుడో పడింది. మీ పబ్బుని కూడా ఓ పదిహేను డిగ్రీలు తిప్పి, ముందు పాత రోడ్డు వెయ్యండి, వేలాడే బోర్డు ఆ రోడ్డున వచ్చేవాళ్ళకి కనపడాలి. పీపాలు సెల్లార్లోకి దింపే చెక్క తలుపులు గోడ మొదట్లో నేల మీద ఉంటాయి, అవి మాత్రం మర్చిపోకండి.

ప్రశ్న: అడుగుకి 3.5 మిల్లీమీటర్ల పబ్బు కిట్టు దొరికింది, 4 మిల్లీమీటర్ల లేఅవుట్లో పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వెనక వరసలో పెట్టండమ్మా, దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ముందు వరసలో వద్దు, ఆరున్నర అడుగుల తలుపు 26 మిల్లీమీటర్లు ఉండాల్సింది 23 దగ్గరే ఆగిపోతుంది, పక్కన మనిషి బొమ్మ పెట్టగానే తెలిసిపోతుంది.