పవర్‌లిఫ్టింగ్‌లో నడుము నొప్పి పదేపదే తిరగబెడుతుంటే ఆఫ్ సీజన్‌లో డెడ్‌లిఫ్ట్ మానేయాలా?

మానేయక్కర్లేదు, పోటీలు లేని నెలల్లో బార్ మీద బరువు తగ్గించి, రెప్స్ (ఒక సెట్‌లో ఎన్నిసార్లు ఎత్తుతారో ఆ లెక్క) పెంచి, డెడ్‌లిఫ్ట్‌ను (నేల మీది బార్‌ను నిటారుగా నిలబడే దాకా ఎత్తడం) కాస్త మార్చి చేస్తూనే ఉండాలి.

అలవాటు తప్పిన భారం ఒక్కసారిగా మీద పడినప్పుడే పాత నొప్పి ఎక్కువగా లేస్తుంది. పైగా కండరాలకు బలం వారాల్లో వచ్చేస్తే, వాటిని ఎముకకు పట్టి ఉంచే టెండన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆ టైమ్ దొరికేది ఆఫ్ సీజన్‌లోనే.

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ రోజంతా కుర్చీలో పనిచేసే కుర్రాడు 180 కిలోలు ఎత్తుతాడనుకుందాం. పోటీ అయ్యాక అతను బార్‌ను మోకాలి కింద దాకా వచ్చేలా బ్లాకుల (దిమ్మెల) మీద పెట్టి, నొప్పి పెరగనంత బరువుతో, అంటే 100 కిలోల దగ్గర మొదలుపెట్టి, 8 రెప్స్ చొప్పున 3 సెట్లు చేయొచ్చు. చేసేటప్పుడు కొంచెం పట్టేసినట్టున్నా మర్నాటికి మామూలైపోతే ఫర్వాలేదు, వారం వారం 2.5 కిలోలు కలుపుకోవచ్చు. మర్నాడు బూట్లు వేసుకోవడానికి వంగలేకపోతున్నాడంటే మాత్రం బరువు తగ్గించాల్సిందే. బ్లాకుల ఎత్తు మెల్లగా తగ్గించుకుంటూ, ఒక్క రెప్ భారీ బరువులు పోటీకి చివరి 8-10 వారాలకే ఉంచుకోవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: పూర్తి రెస్ట్ తీసుకుంటే గాయం మానిపోతుందనుకుంటారు. రెస్ట్‌లో నొప్పి తగ్గుతుంది, కానీ తట్టుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. పాత బరువుకు తిరిగి వెళ్లగానే మళ్లీ అదే నొప్పి.

కాలులోకి తిమ్మిరి దిగినా, పాదంలో బలం తగ్గినా ఇవేవీ వర్తించవు; వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి.