ఓసలివాన్ల గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

ఓసలివాన్ ఇంటిపేరు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఐర్లండ్‌లోని కార్క్‌లో ఉద్యోగం కదా, ఎటు తిరిగినా ఓసలివాన్లే తగులుతుంటే ఆరా తియ్యాలనిపించడం సహజమే. వాక్యం బాగా నడుస్తోంది. కానీ మొదటి పేజీ అంతా పేరుకు అర్థం వెతకడంతోనే సరిపోయింది. అందులో 'కన్ను' ఉందని పండితులు ఒప్పుకుంటారు, మిగతా సగం దగ్గర కొట్టుకుంటారు. రెండు వాక్యాల్లో తేల్చెయ్. ఆ రంగుల వంశచిహ్నం బొమ్మ కూడా తీసెయ్. అలాంటివి ఒక మనిషికీ అతని వారసులకీ చెందుతాయి తప్ప ఆ ఇంటిపేరున్న అందరికీ కాదు. కాఫీ కప్పుల మీద వేసి అమ్మేవాళ్ళకి ఆ పట్టింపు లేదనుకో.

మనుషులు ఎక్కణ్ణుంచి ఎక్కడికి కదిలారో రాయి. వాళ్ళ సొంతగడ్డ, కార్క్ పక్కనున్న కెర్రీ కౌంటీ అన్నావు. అసలు చోటు టిప్పరేరీ కౌంటీ. 12వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ వైపు నుంచి నార్మన్లు మీదికి వస్తే కార్క్, కెర్రీల వైపు జరిగారు. తర్వాత అక్కడి బేరా ద్వీపకల్పాన్ని ఏలిన శాఖకు నాయకుడు డోనల్ కామ్. నువ్వు ఆయన్ని ఒక్క ముక్కలో దాటేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది! 1602లో ఇంగ్లిష్ సేన ఆయన డన్‌బాయ్ కోటను కూల్చింది. ఆ డిసెంబర్ 31న ఆయన దాదాపు వెయ్యి మందితో గ్లెన్‌గారిఫ్ నుంచి ఉత్తరానికి బయల్దేరాడు. వెనక శత్రువు, ఎదురుగా షానన్ నది, దాటడానికి పడవల్లేవు. గుర్రాల్ని చంపి, ఆ తోళ్ళతో పడవలు కట్టుకున్నారు. రెండు వారాలకి ఉత్తరాన లీట్రిమ్ చేరినవాళ్ళు 35 మంది. ఇక్కడ ఒక పేజీ ఖర్చు పెట్టు, ఎవరూ ఏమీ అనరు.

అయితే ఓసలివాన్లంతా ఆయన సంతతే అని మాత్రం రాయకు.

లెక్కలు చెప్పాలంటే, ఐర్లండ్ ఇంటిపేర్ల మీద జనన నమోదు శాఖ అధికారి రాబర్ట్ మాథెసన్ రాసిన నివేదిక పట్టుకో. 1890లో నమోదైన జననాల్ని బట్టి ఆయన వేసిన అంచనాలో ఐర్లండ్ మొత్తం మీద మర్ఫీ, కెల్లీ తర్వాత మూడో స్థానం వీళ్ళదే, దాదాపు 43,600 మంది. అందులో ఎక్కువమంది కార్క్, కెర్రీల్లోనే. ఒకే ఊళ్ళో అంతమంది ఉంటే పోస్ట్‌మ్యాన్ ఎలా నెగ్గుకొచ్చాడంటావా? తండ్రి పేరో తాత పేరో శాఖ పేరో తగిలించి పిలుస్తారు. మీ ఆఫీసు వాళ్ళని అడుగు, వాళ్ళ ఇంటికి ఏం తగిలించారో చెబుతారు. అది నీ వ్యాసంలో బంగారం.

బేరాలోని అల్లిహీస్ రాగి గనుల్లో పని తగ్గాక అక్కడివాళ్ళు అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బ్యూట్‌కి వెళ్ళారు. అదీ రాగి గనుల ఊరే. అప్పటికి పేరు ముందు 'ఓ' వాడేవాళ్ళు తక్కువ, ఇంగ్లిష్ పాలనలో అది రాలిపోయింది. అందుకే అమెరికాలో ఎక్కువగా సలివాన్లే కనిపిస్తారు. ఐర్లండ్‌లో ఉండిపోయినవాళ్ళు ఐరిష్ భాషా సంస్కృతుల్ని నిలబెట్టిన గేలిక్ ఉద్యమం ఊపులో, 19వ శతాబ్దం చివర నుంచి, 'ఓ'ని మళ్ళీ తగిలించుకున్నారు.

1901, 1911 జనాభా లెక్కల ఫారాలు ఐర్లండ్ జాతీయ ఆర్కైవ్స్ ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. బేరాలో ఒకే ఇంటి ఫారాలు రెండూ తెరిచి, ఇంటిపెద్ద పేరు ఎలా రాశారో, ఐరిష్ భాష గడిలో ఏం నింపారో చూసి, ఆ ఇంటితో వ్యాసం మొదలుపెట్టు. తిరగరాసింది ఈసారి వర్డ్ ఫైల్‌గా పంపమ్మా, ఫోన్‌లో ఫొటోలు చదవలేకపోతున్నాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు