చెల్లెలు పగలు తినదు, రాత్రి దొంగచాటుగా తింటుంది. పొగరా, జబ్బా?

ఇంటర్ చదివే చెల్లెలు పగలంతా ఆకలి లేదంటుందనీ, రాత్రి వంటింట్లో దొంగచాటుగా తింటుందనీ, అడిగితే ఏడుస్తుందనీ రాశారు. పొగరు కాదండీ. పదేళ్ల కిందట నేనూ అంతే.

మాది అనంతపురం పక్కన పల్లె. కడపలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినా. ఆదివారం పరీక్ష, సోమవారం గోడమీద ర్యాంకుల లిస్టు. పదో తరగతిలో ఫస్టొచ్చిన దాన్ని, అక్కడ నా పేరు కోసం వేలు కిందిదాకా జరపాల్సొచ్చేది. మార్కులు నా చేతిలో లేవు, ప్లేటు ఉంది. చిత్రాన్నంలో చెనక్కాయ విత్తనాలు ఏరి పక్కన పెట్టడంతో మొదలైంది (చెనక్కాయ పండించే ఇంటి బిడ్డను!). తర్వాత నూనె, ఆ తర్వాత అన్నమే. ఒక పూట మానేస్తే ఆ రోజు గెలిచినట్టు. సంక్రాంతికి మేనత్త "హాస్టల్ తిండి బాగా పట్టిందే పాపా" అని నవ్విన మాట కూడా గుచ్చుకుంది గానీ, అసలు పట్టు ఆ గెలుపుదే.

రాత్రి తిండి సంగతి డాక్టరమ్మ చెప్పినాక అర్థమైంది. పగలు కడుపు మాడ్చుకుంటే రాత్రి ఒళ్లు ఊరుకోదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి చూసినారు. దిగులు, చిరాకు, పొద్దస్తమానం తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగేసుకున్నోళ్లూ ఉన్నారు. వాళ్లకేం సన్నబడాలని లేదు. సెలవుల్లో అర్ధరాత్రి ఓళిగల డబ్బా నేనెందుకు ఖాళీ చేసినానో అప్పుడు తెలిసింది. తిన్నాక సిగ్గు, ఆ సిగ్గుకు మర్నాడు మళ్లీ పస్తు.

నాయన ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టేవాడు. గొంతు ఇంకా బిగుసుకునేది. అమ్మ దిష్టి తీసింది. అవ్వ మాత్రం సంగటి ముద్ద రెండుగా తుంచి, సగం నాకు, సగం తనకు, మధ్యలో ఊరిబిండి పెట్టి సీరియల్ కథ చెప్పేది. నా ప్లేటు వంక చూసేదే కాదు. నేను మొదట మిగల్చకుండా తిన్నది అక్కడే.

కాబట్టి బక్కచిక్కినావనొద్దు, ఒళ్లొచ్చిందనీ అనొద్దు. కాలేజీలో ఏం జరుగుతోందో అడగండి. నెలసరి ఆగినా, కళ్లు తిరిగినా, తిన్నది కావాలని కక్కుకుంటున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి మీరొక్కరే తోడు వెళ్లండి. నాతో ఇంట్లో నలుగురూ బయల్దేరినారు, ఆ రోజు నేను నోరే విప్పలేదు.