గాల్లో మిగిలిన చెయ్యి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

పలాస నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మీ నాయకుణ్ణీ, మీ వీధిలోని వడ్డీ వ్యాపారినీ కలిపి పదకొండు చోట్ల ‘సైకోపాత్’ అన్నావు, అంటే జాలీ పశ్చాత్తాపమూ లేని మనిషని. ఆ మాట కొట్టేసి మళ్లీ చదువుకో. నాలుగు పేరాల్లో ఏమీ మిగలదు. తిట్టు ఘాటుగా పడిందన్న తృప్తిలో మనిషిని చూడటం మరిచిపోయావు.

సైకోపాత్‌ను గుర్తించడానికి కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ తయారుచేసిన కొలమానంలో 20 అంశాలుంటాయి. ఒక్కొక్కదానికి సున్నా నుంచి రెండు వరకు మార్కులు వేస్తారు. మొత్తం 40కి 30 వస్తేనే ఉత్తర అమెరికాలో సాధారణంగా ఆ ముద్ర వేస్తారు. శిక్షణ పొందినవారు ఆ మనిషితో గంటల తరబడి మాట్లాడటమే కాకుండా పాత రికార్డులు కూడా తిరగెయ్యాలి, ఎందుకంటే అలవోకగా అబద్ధమాడటం ఆ 20లో ఒకటి. మైకు ముందు పావుగంట చూసి నువ్వు వేసిన మార్కుల విలువెంత?

1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన బారీ గోల్డ్‌వాటర్ గురించి ఒక పత్రిక మానసిక వైద్యులను అడిగితే, వెయ్యిమందికి పైగా ఆయన పదవికి తగడని రాసిచ్చారు. ఆయన పత్రిక మీద దావా వేసి గెలిచాడు. స్వయంగా పరీక్షించకుండా ప్రముఖులకు రోగం అంటగట్టరాదని అక్కడి వైద్యుల సంఘం 1973లో నియమం పెట్టుకుంది. డాక్టర్లకే లేని చనువు మనకెక్కడిది?

అలాగని నోరు మూసుకోమనడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసిన వారానికి నేను అక్కడ బంధువుల ఊళ్లో ఉన్నాను. ఒక నాయకుడు వచ్చి, వేళ్లతో సహా లేచిపోయిన కొబ్బరిచెట్టు పక్కన కూర్చున్న ముసలమ్మ చెయ్యి పట్టుకుని బొటబొటా కన్నీళ్లు కార్చాడు. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోను. ఫొటోలయ్యాక, ఇంకెవరితోనో మాట్లాడుతూనే, స్టాపు వచ్చాక బస్సులో కమ్మీ వదిలినట్టు ఆ చెయ్యి వదిలేశాడు. ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. కారెక్కుతూ అనుచరుణ్ణి అడిగింది ఒక్కటే: “బాగా వచ్చిందా?”

ఆ ఒక్క ప్రశ్నతో ఆయనకు రోగం పేరు పెట్టలేను. ఓట్ల కోసం ఏడ్చి, రాత్రి నిద్రపట్టక దొర్లేవాళ్లూ ఉంటారు. తన వల్ల ఒకరు నష్టపోయాక ఏం చేశాడు, దొరికిపోయినప్పుడు తప్పు ఎవరి మీదికి నెట్టాడు, అదే మోసం రెండోవాడికీ మూడోవాడికీ చేశాడా, ఇక పనికిరాడనుకున్న అనుచరుణ్ణి గుమ్మంలో ఎంతసేపు నిలబెట్టాడు అన్నవి ఏళ్ల తరబడి గమనించి రాసుకోవాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. రచన కన్నా గుమస్తాగిరికి దగ్గరగా ఉంటుంది.

మా నాన్న పోయిన రోజు మా పెదనాన్న ఒక్క బొట్టు కన్నీరు కార్చలేదు. ‘రాతిగుండె’ అన్నారు ఊళ్లోవాళ్లు. ఆ తర్వాత ఏడేళ్ల పాటు ఆయన నెలనెలా బొబ్బిలి నుంచి బస్సులో బియ్యం సంచి తెచ్చి, మా అమ్మ కంటపడకుండా అరుగు మీద పెట్టి వెళ్లిపోయేవాడు. నువ్వు చెప్పిన మొదటి లక్షణం ‘కళ్లలో తడి లేకపోవడం’. ఆ లెక్కన మా పెదనాన్న దోషి, తోటలో ఏడ్చినాయన నిర్దోషి.

ఇంకొక లోపం. నీ నాయకుడు మొదటి వాక్యం నుంచే దుర్మార్గుడు. అలాంటివాడికి ఓటెవరు వేస్తారు? మన గురజాడ గిరీశానికి ఏ రోగం పేరూ పెట్టలేదు; ముందు మనల్ని వాడి మాటలకు నవ్వించి, వాడి వలలో మనమూ పడ్డామని తర్వాత తెలియనిచ్చాడు. నీ పాఠకుడు కూడా మొదటి రెండు పేజీల్లో ఆ నాయకుణ్ణి ఇష్టపడాలి. ఆ చొరవ, ఆ జంకులేనితనం కొందరు మంచి నాయకులలోనూ ఉంటాయి కనుక, అవి చూపించడం అబద్ధమేమీ కాదు.

వడ్డీ వ్యాపారి భాగం తీసెయ్యకు, అందులో ప్రాణముంది. అయితే బాకీ పూర్తిగా తీర్చేసిన మనిషి సంతలో ఎదురుపడితే ఆయన పలకరిస్తాడో, చూడనట్టు పోతాడో నువ్వు రాయలేదు. అది కనుక్కుని, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పేజీ తీసుకురా.