మగ ఫైటర్ చేప గూడు కాస్తున్నప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుడ్లు పెట్టిన దగ్గర నుంచి మగ ఫైటర్ చేప ఆడచేపను వెంటపడి కొరుకుతోందని, దానికేదైనా జబ్బు చేసిందేమోనని దిగులుపడుతూ రాశావు. అది జబ్బు కాదు, కాపలా. థాయ్‌లాండ్ వైపు వరిమళ్లలో, లోతులేని నిలవనీటిలో బతికే ఈ జాతిలో మగచేప నీటిపైన నురగ గూడు కట్టిందంటే, ఆ గూడు చుట్టూ ఉన్న నీరంతా తనదేనన్నట్టు కాచుకుంటుంది. ఆడచేపకు వీలు చిక్కితే తాను పెట్టిన గుడ్లనే తినేస్తుంది కనుక, దానిని కూడా గూటి దరిదాపులకు రానివ్వదు.

కాబట్టి మగచేప స్వభావాన్ని మార్చాలని చూడకు, తొట్టిని దానికి అనువుగా సిద్ధం చెయ్యి. నీరు జానెడు లోతుకు మించకూడదు. ఎండిన బాదం ఆకు ఒకటి కడిగి నీటిపై వదిలితే దాని కింద గూడు కడుతుంది. ఫిల్టర్ ఆపేయి, నీటి కదలికకు బుడగలు చెదిరిపోతాయి. ఆడచేపను నేరుగా వదలకుండా, తొట్టిలో నిలబెట్టిన లాంతరు చిమ్నీలో ఒకటి రెండు రోజులు ఉంచు. దాని ఒంటిమీద నిలువు చారలు తేలి, మగచేప గూడు పూర్తిచేశాకే చిమ్నీ పైకెత్తు. ఆడచేప దాక్కోవడానికి ఒక మూల నాచు దట్టంగా వేయడం మరిచిపోకు.

గుడ్లు పెట్టడం ముగియగానే ఆడచేపను తీసేయాలి. మొదటిసారి నేను తెల్లవారాక చూద్దాంలే అని పడుకున్నాను. పొద్దున్నకు దాని తోక పీలికలై ఉంది, సాయంత్రానికి చనిపోయింది. ఆ బాధ నాకింకా పోలేదు.

తరువాత చెయ్యి పెట్టకుండా చూస్తూ ఉండు. ఆవగింజ కన్నా చిన్నదైన తెల్లటి గుడ్డు బుడగల్లోంచి జారగానే మగచేప కిందికి దూకి, నోటితో అందుకుని, మళ్లీ గూటిలో అతికిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఆ సమయంలో అద్దం మీద వేలు కదిపినా మొప్పలు విప్పి మీదికొస్తుంది. మరీ బెదిరితే గుడ్లను మింగేస్తుంది కూడా, అందుకే ఇంట్లో పిల్లలను తొట్టి దగ్గరికి రానీయకు.

ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. చేపపిల్లలు మరో రెండు మూడు రోజులు తోక కిందికి వేసి గూటికి వేలాడి, ఆపైన అడ్డంగా ఈదడం మొదలుపెడతాయి. అప్పుడిక మగచేపను వేరు చేయి. కాపలా కాసినన్నాళ్లూ సరిగా తిని ఉండదు, కొద్దికొద్దిగా మేత వేయి. పక్క సీసాలో ఇంకో మగచేప ఉంటే, రెండింటికీ మధ్య కొన్నాళ్లు అట్టముక్క అడ్డం పెట్టి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య